ఒకే ఫైలుకు మూడు ప్రతులు: ఒక్క వరుస కూడా పోకుండా కలపడం ఎలా

మేం ముగ్గురం కలిసి సీమ మాటల జాబితా ఒకటి రాస్తున్నాం. నేను అనంతపురంలో ఉంటాను, ఒకాయన కర్నూలు, ఇంకొకామె కడప. ఒకే టెక్స్ట్ ఫైలు ముగ్గురి దగ్గరా ఉంటుంది. ఎవరి ఊళ్లో విన్న మాట వాళ్లు చేర్చుకుంటారు, తప్పు కనబడితే దిద్దుకుంటారు. నెలకోసారి ఆ మూడింటినీ కలిపి ఒకటి చేయడం నా పని. ‘అంత పెద్ద ఫైళ్లు ఎట్లా కలుపుతావు, ఏదీ పోదా?’ అని చాలామంది అడుగుతున్నారు. సంఘం సభ్యుల పట్టిక, పెండ్లి పిలుపుల జాబితా, కథ చిత్తుప్రతి, ప్రోగ్రాం కోడ్, ఏదైనా పద్ధతి ఇదే.

మొదట్లో నేనూ పోగొట్టాను. పత్తికొండ దిక్కు ఒక గొర్రెల కాపరి దగ్గర కూర్చుని కర్నూలు అన్న 22 వరుసలు రాసుకొచ్చినాడు. పాలపండ్లది, రెండు పండ్లది, నాలుగు పండ్లది అంటూ పండ్లను, అంటే దంతాలను బట్టి గొర్రె వయసు చెప్పే మాటలు అవి. రెండు ఫైళ్లలో నా ఫైలు తేదీ కొత్తదిగా కనబడితే, అదే తాజాది అనుకుని ఆయన ఫైలు మీద దాన్నే పెట్టేశాను. ఆ 22 వరుసలూ పోయాయి. ఆయన ఫోన్‌లో పాత ప్రతి మిగిలి ఉండబట్టి వారం తర్వాత దొరికాయి. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. కింద రాసిన పద్ధతి అప్పటినుంచి పాటిస్తున్నది.

1. ముందు అందరి చేతులూ ఆపండి

కలపడం మొదలుపెట్టే ముందు అందరికీ చెప్పండి: ‘ఈ రోజు సాయంత్రం దాకా ఫైలు ముట్టుకోవద్దు.’ మీరు కలుపుతుండగా ఒకరు ఇంకో నాలుగు మాటలు చేరిస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది. కలిపేవాళ్లు కూడా ఆ రోజు సొంతంగా ఏమీ చేర్చకూడదు. నా మాటలేమైనా ఉంటే వాటిని నా ప్రతిలో ముందే రాసి మూసేస్తాను.

తర్వాత ఒక కొత్త ఫోల్డర్ తెరిచి, వచ్చిన ఫైళ్లన్నిటినీ అందులో పెట్టి ఊరి పేరుతో పేరు మార్చండి: మాటలు-కర్నూలు, మాటలు-కడప, మాటలు-అనంతపురం. ‘ఫైనల్’, ‘కొత్తది’, ‘ఫైనల్ 2’ అనే పేర్లు వద్దు. నెల తిరిగేసరికి ఏది ఏదో పెట్టినవాళ్లకే తెలియదు.

ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. దాన్ని పని అయిపోయేదాకా తెరవొద్దు.

ఫైలు తేదీని నమ్మొద్దు. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు డౌన్‌లోడ్ చేస్తే, చాలాసార్లు డౌన్‌లోడ్ చేసిన తేదీయే కనబడుతుంది, రాసిన తేదీ కాదు. నేను మోసపోయింది తేదీని నమ్మినందుకే.

2. మూలప్రతిని వెతికి పట్టుకోండి

ఈ పనికంతా గుండెకాయ ఇదే. దీన్ని దాటేసి నేరుగా రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకునేవాళ్లే ఎక్కువ.

కడప ఫైలులో ‘కసువు’ (చెత్త) అనే వరుస ఉంది, కర్నూలు ఫైలులో లేదు. ఏం జరిగినట్టు? కడప అక్క కొత్తగా చేర్చి ఉండవచ్చు. లేదా ముందునుంచీ ఉన్నదాన్ని కర్నూలు అన్న కావాలనే తీసేసి ఉండవచ్చు. రెండు ఫైళ్లనే చూస్తే ఇది ఎప్పటికీ తేలదు. ముగ్గురూ పని మొదలుపెట్టిన నాటి ప్రతి, అంటే మూలప్రతి, పక్కన ఉంటే ఒక్క చూపులో తేలిపోతుంది. మూలంలో ఉంటే అన్న తీసేసినాడు. లేకుంటే అక్క చేర్చింది.

మూడు ప్రతులతో, అంటే మూలం, ఇంకో ఇద్దరి ప్రతులతో కలిపేటప్పుడు సాఫ్ట్‌వేర్ నడిచే సూత్రమూ ఇంతే:

- ఒకరు మార్చారు, ఇంకొకరు మూలాన్ని అట్లే ఉంచారు: మార్చినవాళ్లది తీసుకుంటుంది.
- ఇద్దరూ ఒకే మార్పు చేశారు: ఆ మార్పును ఒక్కసారి తీసుకుంటుంది.
- ఇద్దరూ ఒకే చోట వేర్వేరుగా మార్చారు: తాను తేల్చకుండా ఘర్షణ అని ఎర్రగా చూపించి మీకు వదిలేస్తుంది.

మూలప్రతి ఎక్కడ దొరుకుతుంది? పోయినసారి మీరు అందరికీ పంపిన మెయిల్, వాట్సాప్ గ్రూపులో పాత అటాచ్‌మెంట్, గూగుల్ డ్రైవ్‌లో వెర్షన్ హిస్టరీ, వీటిలో చూడండి. ఎంత వెతికినా దొరకకపోతే ఒక్కటే దారి. ఏ వరుసా తీసేయకుండా అన్నీ ఉంచి కలిపి, తర్వాత ఒక్కొక్కటే అడిగి తీసేయండి. ఎక్కువైన వరుసను ఎప్పుడైనా తీసేయొచ్చు. పోయిన వరుస మళ్లీ రావడం కష్టం.

3. ఫైళ్లను శుభ్రం చేయండి

తేడాలు చూపించే సాఫ్ట్‌వేర్‌కు భాష రాదు. అది చూసేది అక్షర సంకేతాలనే. మన కంటికి ఒకటిగా కనిపించే రెండు వరుసలు దానికి వేరువేరు కావచ్చు. శుభ్రం చేయకుండా పోలిస్తే 600 వరుసల్లో 600 తేడాగా కనబడి టెన్షన్ పెడతాయి. అసలు మార్పులు మాత్రం 30 ఉంటాయి.

కింది పనులను మూలంతో సహా అన్ని ప్రతుల మీదా ఒకే రకంగా చేయాలి. నేను నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో చేస్తాను.

ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను కంప్యూటర్ దాచుకునే తీరు: కింద కుడివైపు మూలలో యూటీఎఫ్-8 అని ఉండాలి. వేరేది ఉంటే ఎన్‌కోడింగ్ మెనూలో ‘కన్వర్ట్ టు యూటీఎఫ్-8’ నొక్కండి. అదే మెనూలో పైన ఉండే ఉత్త ‘యూటీఎఫ్-8’ నొక్కితే మార్చదు, చదివే తీరు మాత్రమే మారుతుంది. తెలుగు గజిబిజిగా కనిపించేది ఎక్కువగా ఇక్కడే. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించింది అయితే అది యూనికోడే (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షర సంకేతాలు) కాదు. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి చదివి దిద్దుకున్నాకే ఈ పనికి రావాలి.

వరుస చివర గుర్తు: విండోస్‌లో వరుస చివర రెండు గుర్తులు ఉంటాయి, లినక్స్‌లో ఒక్కటే. ఒకరు విండోస్‌లో, ఒకరు లినక్స్‌లో పనిచేస్తే ప్రతి వరుసా తేడాగా కనబడుతుంది. ఎడిట్ మెనూలో ఈఓఎల్ కన్వర్షన్‌తో అన్నిటినీ ఒకే రకం చేయండి.

వరుస చివర ఖాళీలు: ఎడిట్ మెనూ, బ్లాంక్ ఆపరేషన్స్, ట్రిమ్ ట్రెయిలింగ్ స్పేస్.

ఇక తెలుగుకే ప్రత్యేకమైన చిక్కులు మూడున్నాయి. వీటి గురించి ఇంగ్లీషు పుస్తకాలు చెప్పవు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మొదటిది కనబడని అక్షరం. ‘సాఫ్ట్‌వేర్’ అని విడిగా, పొల్లుతో కనబడాలంటే ట, వ మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉండాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కొన్ని కీబోర్డులు దాన్ని తామే పెడతాయి, కొన్ని పెట్టవు. ఒక్కోసారి పదం చివర అనవసరంగా కూడా పడుతుంది. అక్కడ చూపులో ఏ తేడా ఉండదు, సాఫ్ట్‌వేర్ మాత్రం తేడా అంటుంది. పదం చివర, ఖాళీ ముందు ఉన్నవాటినే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో తీసేయండి. మధ్యలో ఉన్నవాటిని ముట్టుకుంటే పదం రూపమే మారిపోతుంది.

రెండోది ఐత్వం. ‘పై’ అని రాసినప్పుడు ఐత్వం గుర్తును ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒక్కటే. ‘మైదానం’ అనే వరుస ఎందుకు ఎర్రబడిందో తెలియక ఒక పూటంతా కూర్చున్నాను. వరుస చెరిపి మళ్లీ టైపు చేస్తే ఎరుపు పోయింది, అప్పుడు అర్థమైంది. రెండు సంకేతాల జంటను ఒకే సంకేతంతో రీప్లేస్ ఆల్ చేస్తే సరిపోతుంది.

మూడోది తప్పు కాదు, ఎంపిక. కడప అక్క దంత్య చకారాన్ని, అంటే ‘త్స’లా పలికే చకారాన్ని, ‘ౘ’తో రాస్తుంది: ౘాప, ౘలి. మేం ‘చ’ రాసేవాళ్లం. దీన్ని శుభ్రం చేసే పేరుతో మార్చేయకూడదు. అక్క రాసింది ఉచ్చారణకు దగ్గరి రాత. ఇట్లాంటివి ముందే మాట్లాడుకుని ఒక పద్ధతికి రండి. మేం అక్క పద్ధతికే వచ్చాం.

ఇంకో రెండు చిన్నవి. జాబితాను ఒకరు అకారాదిగా సర్దేసి ఉంటే, మూలంతో సహా అన్నిటినీ లైన్ ఆపరేషన్స్‌లో సార్ట్ చేసి పోల్చండి. కంప్యూటర్ సార్ట్‌లో ర తర్వాత ఱ, ల తర్వాత ళ వస్తాయి, మన వర్ణమాల వరుస కాదు. పని అయ్యాక చివర్లో సర్దుకోవచ్చు. కథలో, వ్యాసంలో అయితే పేరా మొత్తం ఒకే వరుస కింద లెక్క. ఒక్క పదం మార్చినా పేరా అంతా మారినట్టు చూపిస్తుంది. అందుకే వాక్యానికి ఒక వరుస చొప్పున విడగొట్టుకుని పోల్చండి.

పోల్చే ముందు సరిచూసుకోవాల్సినవి:

- మూలప్రతి దొరికిందా? పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉందా?
- అన్నీ యూటీఎఫ్-8, వరుస చివర ఒకే గుర్తు?
- అన్ని ప్రతుల మీదా ఒకే శుభ్రం జరిగిందా? ఒకటి మరిచినా మొదటికే మోసం.

4. కలపకముందు చూడండి

వెంటనే కలపొద్దు. ముందు మూలాన్ని, కర్నూలు ప్రతిని తేడాలు చూపించే విన్‌మెర్జ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కన తెరవండి. ఆల్ట్ పట్టుకుని కింది బాణం నొక్కితే తర్వాతి తేడాకు పోతుంది. ఏమీ మార్చకుండా పైనుంచి కిందదాకా ఊరికే చూడండి. తర్వాత మూలం, కడప ప్రతి. చివరగా మూలం, మీ ప్రతి.

చూస్తూ ఒక కాగితం మీద నాలుగు లెక్కలు రాసుకోండి: మూలంలో ఎన్ని వరుసలు, ప్రతి ఊరి నుంచి ఎన్ని చేరాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మారాయి. ఈ కాగితం చివర్లో అక్కరకొస్తుంది.

తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తే ఫైలు చెడిపోయిందని భయపడకండి, ఫాంట్ సమస్య అది. సెట్టింగ్స్‌లో ఫాంటును నిర్మలా యూఐ లేదా గౌతమికి మార్చండి.

5. మూడు ప్రతులతో కలపండి

దీనికి కేడిఫ్3 అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. మెల్డ్ కూడా మంచిదే.

తెరిచేటప్పుడు ఫైళ్ల వరుస ముఖ్యం. ‘ఎ’ గడిలో మూలం, ‘బి’లో కర్నూలు, ‘సి’లో కడప. మూలాన్ని వేరే గడిలో పెడితే చేర్చినవి తీసేసినట్టు, తీసేసినవి చేర్చినట్టు తారుమారవుతుంది. కలిపిన ఫైలుకు కొత్త పేరు ఇవ్వండి. వచ్చిన ఏ ప్రతి మీదా రాయనివ్వొద్దు.

పైన మూడు ప్రతులు, కింద కలిపిన ఫలితం కనబడతాయి. ఒకరే మార్చినవన్నీ అదే సర్దేస్తుంది. ఘర్షణలు మాత్రం మిగులుతాయి. మా జాబితాలో నెలకు పది, పన్నెండు వస్తాయి. కంట్రోల్ పట్టుకుని 1, 2, 3 నొక్కితే వరుసగా ఎ, బి, సి ప్రతుల్లోది దిగుతుంది. రెండు నొక్కితే రెండూ, నొక్కిన వరుసలోనే దిగుతాయి. కింది గడిలో మనమే టైపు చేసి దిద్దుకోవచ్చు కూడా. ఘర్షణ ఒక్కటి మిగిలినా అది సేవ్ చేయనివ్వదు. ఆ పట్టుదల నాకు ఇష్టం.

మూడో ప్రతి, అంటే నాది, ఎట్లా? ముందు కర్నూలు, కడప కలిపిన ఫలితాన్ని ‘బి’లో, నా ప్రతిని ‘సి’లో పెట్టి, అదే మూలాన్ని మళ్లీ ‘ఎ’లో పెట్టి ఇంకోసారి కలపాలి.

6. ఘర్షణలు తేల్చడం

ఇక్కడ తొందర పనికిరాదు. నాకు తగిలే రకాలు నాలుగు.

ఇద్దరూ ఒకే వరుసను వేర్వేరుగా దిద్దినవి. ఒకసారి ఇట్లా వచ్చింది:

మూలం: ఓళిగ : బొబ్బట్టు
కర్నూలు: ఓళిగ, బక్షం : బొబ్బట్టు
కడప: ఓళిగ : శనగ బ్యాళ్ల పూర్ణం పెట్టి కాల్చే తీపి రొట్టె

‘బి’ నొక్కితే అర్థం పోతుంది, ‘సి’ నొక్కితే బక్షం పోతుంది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఒకరు మాట చేర్చారు, ఒకరు అర్థం విడమరిచారు. చేతితో ఇట్లా రాశాను:

ఓళిగ, బక్షం (కర్నూలు) : శనగ బ్యాళ్ల పూర్ణం పెట్టి కాల్చే తీపి రొట్టె, బొబ్బట్టు

బ్రాకెట్లో ఊరి పేరు కావాలనే పెట్టాను. ఏ మాట ఎక్కడిదో రాసి ఉంటే రేపు అనుమానం వచ్చినా ఎవరిని అడగాలో తెలుస్తుంది. తెలుగు నిఘంటువు చేసిన సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితుల చేత ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నిటినీ పోల్పించింది కూడా ఇట్లాంటి పాఠభేదాల కోసమే, అంటే ప్రతికీ ప్రతికీ మారే మాటల కోసమే.

ఇద్దరూ చివర్లో చేర్చినవి. ఫైలు అడుగున కర్నూలు నుంచి ఐదు మాటలు, కడప నుంచి ఏడు మాటలు. చోటు ఒకటే కాబట్టి ఘర్షణ అంటుంది. అసలు గొడవేమీ లేదు. 2 నొక్కి 3 నొక్కండి, పన్నెండూ దిగుతాయి. ఒకటే నొక్కి ముందుకు పోవడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు.

ఒకరు తీసేసింది, ఇంకొకరు దిద్దింది. దీన్ని ఒంటరిగా తేల్చకండి. ఫోన్ చేయండి. ‘కసువు’ దగ్గర నేను కర్నూలు అన్నకు చేసినప్పుడు:

‘అన్నా, కసువు ఎందుకు తీసేసినావు?’

‘తప్పని కాదు బ్బా, పైన ఇంకోసారి ఉండాదని తీసేసినా.’

పైన చూస్తే నిజంగానే ఉంది, అర్థం లేకుండా ఒట్టి మాట. కింద అక్క దిద్దిన వరుసలో అర్థం, ‘కసువు ఊడ్చు’ అనే వాడుక కూడా ఉన్నాయి. పైది తీసి కిందిది ఉంచాను. ఫోన్ చేయకుంటే రెండూ ఉండేవి, లేదా మంచిదే పోయేది.

రాత తేడాలు. శనక్కాయ, చెనిక్కాయ లాంటివి. యాసలో రెండూ ఉంటే రెండూ ఉంచండి. అక్షరదోషమైతే దిద్దండి. ఏదో తెలియకపోతే వరుస మొదట రెండు ప్రశ్నార్థకాలు పెట్టి వదిలేయండి. చివర్లో వాటిని వెతికి ఒకేసారి అడగొచ్చు.

7. ఘర్షణ రాకుండానే వచ్చే తప్పులు

కేడిఫ్3 ‘అన్నీ అయిపోయాయి’ అన్నంత మాత్రాన ఫైలు సరిగా ఉన్నట్టు కాదు. అది చోటును చూస్తుంది, అర్థాన్ని చూడదు.

ఒకరు కూరగాయల కింద, ఇంకొకరు పంటల కింద ‘ఉర్లగడ్డ’ (బంగాళదుంప) చేరిస్తే రెండూ నిశ్శబ్దంగా దిగుతాయి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోని రిమూవ్ డూప్లికేట్ లైన్స్ అచ్చంగా ఒకే రకం వరుసలనే తీస్తుంది, అర్థం కొంచెం తేడాగా రాస్తే వదిలేస్తుంది. అందుకే కలిపిన ఫైలుకు ఇంకో కాపీ తీసి, సార్ట్ చేసి కళ్లతో చూడండి. ఒకే మాటవి పక్కపక్కకు వస్తాయి.

ఇంకోటి: ఒకరు ‘బుడ్డలు : శనక్కాయ చూడు’ అని చేర్చినారు, అదే నెల ఇంకొకరు ‘శనక్కాయ’ వరుసను ‘చెనిక్కాయ’గా మార్చినారు. ఘర్షణ రాదు. చదివేవాళ్లు పోయి చూస్తే అక్కడ ఏమీ ఉండదు. ‘చూడు’ అని వెతికి ఒక్కొక్కటీ సరిచూడండి. ప్రోగ్రాం రాసేవాళ్లకు ఇదే చిక్కు ఫంక్షన్ పేరు మార్చినప్పుడు వస్తుంది. కలిపాక ఒకసారి నడిపి చూడందే బయటపడదు.

8. లెక్క సరిచూడండి

ఇప్పుడు ఆ కాగితం తీయండి. మూలంలో 612 వరుసలు. కర్నూలు 38 చేర్చి 4 తీసేసింది. కడప 25 చేర్చి 2 తీసేసింది. చేర్చినవాటిలో 3 ఇద్దరివీ ఒకటే. నా ప్రతిలో చేర్చింది, తీసింది ఏమీ లేదనుకుందాం. 612కు 38, 25 కలిపి, 3, 4, 2 తీసేస్తే 666. కలిపిన ఫైలులో 666 ఉండాలి. 665 ఉంటే ఏది పోయిందో దొరికేదాకా పంపొద్దు. మీరు కావాలని ఉంచినవి, తీసినవి ఉంటే వాటిని లెక్కలో సర్దుకోండి.

లెక్క కుదిరినా ఇంకో చూపు కావాలి. కలిపిన ఫైలును కర్నూలు ప్రతితో పోల్చండి. కనిపించే ప్రతి తేడాకూ ‘ఇది కడప నుంచి వచ్చింది’ లేదా ‘ఇది నేను తేల్చింది’ అని చెప్పగలగాలి. తర్వాత కడప ప్రతితో అదే పని. చెప్పలేని తేడా ఉంటే అక్కడ ఆగండి.

గిట్‌తో, అంటే ప్రోగ్రాం రాసేవాళ్లు ప్రతులు కలపడానికి వాడే సాఫ్ట్‌వేర్‌తో కలిపేవాళ్లు ఇంకోటి చూడాలి. ఘర్షణ దగ్గర అది ఏడు బాణం గుర్తుల వరుసలు, మధ్యలో ======= గీత పెడుతుంది. ఒక్కటి మిగిలినా ఫైలులోనే ఉండిపోతుంది. సేవ్ చేసే ముందు వాటిని వెతకండి.

9. వర్డ్ ఫైళ్లయితే

రివ్యూ ట్యాబ్‌లో కంపేర్ కింద కంబైన్ ఉంది. కానీ అది ఒకసారికి రెండు ఫైళ్లనే తీసుకుంటుంది. మూలం లేదు కాబట్టి ప్రతి మార్పునూ మీరే చూసి ఒప్పుకోవాలి. బొమ్మలు, పట్టికలు లేని జాబితాలను టెక్స్ట్‌గా సేవ్ చేసుకుని పై పద్ధతిలో కలపడమే నాకు సులువు.

10. కొత్త మూలాన్ని పంపండి

కలిపిన ఫైలుకు తేదీతో పేరు పెట్టండి, మా దాంట్లో ‘మాటలు-మూలం’ తర్వాత నెల, సంవత్సరం. దాన్ని అందరికీ పంపి, పాత ప్రతిని పక్కన పెట్టి దీంట్లోనే రాయమని చెప్పండి. ఒక్కరు మరిచిపోయి పాతదాంట్లో రాసినా వచ్చే నెల మూలం కుదరదు. అందుకే ముగ్గురూ ‘తెరిచినా, మొదటి వరుసలో తేదీ చూసినా’ అని తిరిగి చెప్పేదాకా నేను పాత ఫోల్డర్ చెరపను. ఫైలు మొదటి వరుసలో మూలం తేదీ రాసి ఉంచడం కర్నూలు అన్న చెప్పిన ఉపాయం. వచ్చే నెల ప్రతులు రాగానే మొదట చూసేది ఆ వరుసనే.